గల్ఫ్ వీసాకు పైసలు కట్టే ముందు ఆ దేశం లెక్క చూసుకోవడం ఎలా

కోరుట్లలో నాది జిరాక్స్, ఆన్‌లైన్ దుకాణం. అంతకుముందు దమ్మామ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో స్టోర్‌కీపర్‌గా పనిచేశాను. ఆ సంగతి ఊళ్లో తెలుసు కాబట్టి ఆఫర్ లెటర్ ప్రింటుకు వచ్చినవాళ్లు కాగితం తీసుకుని ఊరికే పోరు. "అన్నా, పోవచ్చంటావా?" అని అక్కడే నిలబడతారు. జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు, రూమ్ కంపెనీదేనా అన్న మూడు ప్రశ్నలకు జవాబు వాళ్ల దగ్గర ముందే ఉంటుంది. ఆ కంపెనీకి పైసలిచ్చేది ఎవరు, వచ్చే రెండేళ్లు ఇస్తూనే ఉంటారా అన్నది మాత్రం ఎవరూ ఏజెంటును అడిగి ఉండరు. మొదట చూడాల్సింది అదే. ఇది ఇంట్లో కూర్చుని, ఫోన్ పట్టుకుని, ఒక సాయంత్రంలో చూసుకోగలిగిన పనే. నేను చూసే వరుస కింద రాస్తున్నాను.

మొదలు చమురు ధర

అరబ్ లీగ్‌లో 22 దేశాలున్నాయి. జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్, సిరిసిల్ల నుంచి మనవాళ్లు ఎక్కువగా పోయేది వాటిలో ఆరింటికే: సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్, ఒమన్, బహ్రెయిన్. ఆరింటికీ ఆదాయం ప్రధానంగా చమురు, గ్యాసే అయినా బలం ఒక్కటి కాదు. బడ్జెట్‌లో లోటు రాకుండా ఉండాలంటే బ్యారెల్ చమురు ఎంత పలకాలో ఒక్కో దేశానికీ ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) లెక్క కడుతుంది. ఇటీవలి అంచనాల్లో యూఏఈకి 50 డాలర్ల దరిదాపు చాలు. సౌదీకి 90కి అటూ ఇటూ కావాలి. బహ్రెయిన్‌కు 120 దాటాలి. 2018లో బహ్రెయిన్ చేతులెత్తేసే పరిస్థితి వస్తే సౌదీ, యూఏఈ, కువైట్ కలిసి 1,000 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి.

ఫోన్‌లో బ్రెంట్ క్రూడ్ ధర అని వెతకండి, ప్రపంచమంతా చూసే ముడి చమురు ధర అది. ఇవాళ్టి ధర ఒక్కటే కాదు, ఏడాది గ్రాఫ్ చూడండి. మీరు పోయే దేశానికి కావాల్సిన అంకె కంటే ధర నెలల తరబడి కిందే ఉంటే, అక్కడ కొత్త కాంట్రాక్టులు తగ్గుతాయి, పాత బిల్లులు లేటవుతాయి. 2014 మధ్యలో 110 డాలర్ల పైన ఉన్న బ్యారెల్ 2016 జనవరికి 30 కిందికి పడింది. ఆ ఏడాదే సౌదీలో వేల మంది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతాల్లేక క్యాంపుల్లో ఇరుక్కుపోయారు. తిండికీ ఇబ్బంది పడితే జెద్దాలోని మన కాన్సులేట్ సరుకులు పంచింది. కేంద్ర మంత్రి వీకే సింగ్ స్వయంగా వెళ్లాల్సి వచ్చింది.

చమురు ధర పడితే జీతం ఆగేది మన మేస్త్రీకే ఎందుకు? పైసలు దిగొచ్చే దారి అలాంటిది. ప్రభుత్వం మెయిన్ కాంట్రాక్టర్‌కు ఇవ్వాలి, అతను సబ్ కాంట్రాక్టర్‌కు, అతను లేబర్ సప్లై కంపెనీకి, ఆ కంపెనీ మనవాడికి. పైన నెల రోజులు ఆగితే కింద మూడు నెలలు ఆగుతుంది. అందుకే ఆఫర్ లెటర్ మీదున్న కంపెనీ ఈ వరుసలో ఎక్కడుందో కనుక్కోండి. పేరులోనే 'మ్యాన్‌పవర్ సప్లై' అని ఉంటే అది చివరి మెట్టు. పోకూడదని కాదు. అప్పు తెచ్చి పోవద్దని.

ఇప్పటికే అక్కడున్నవాళ్ల కోసం ఒక మాట. కంపెనీ చేతిలో పైసలు అయిపోతున్నాయని అందరికంటే ముందు తెలిసేది స్టోర్‌లో. కేబుల్, పైపులు అప్పు మీద దించే సప్లయర్ ఒకరోజు చెక్కు చేతికిస్తేనే లోడ్ దించుతానంటాడు. లారీ గేటు బయటే నిలబడుతుంది. ఆ తర్వాత సేఫ్టీ షూస్, గ్లవ్స్ అడిగితే 'వచ్చే నెల' అంటారు. క్యాంపు బస్సు రెండు ట్రిప్పుల బదులు ఒకటే తిరుగుతుంది. ఇవి కనబడ్డాక రెండు మూడు నెలల్లో జీతం తేదీ జరగడం మొదలవుతుంది. ఆఫీసులో 'సిస్టమ్ ప్రాబ్లం' అని చెప్పే మాటను కాదు, స్టోర్ గేటును చూడండి.

ఆ పని రేపు వాళ్ల పిల్లలకు పోతుందా?

మనవాళ్లు తక్కువగా పట్టించుకునేది ఇదే. 2022 జనగణన ప్రకారం సౌదీ జనాభా 3.22 కోట్లు. అందులో విదేశీయులు దాదాపు 42 శాతం. సౌదీ పౌరుల్లో 63 శాతం మంది 30 ఏళ్ల లోపువాళ్లే. చదువుకున్న ఇంతమంది పిల్లలకు ప్రభుత్వ ఉద్యోగాలు ఇస్తూ పోవడం చమురు పైసలతో అయ్యే పని కాదు. 2016లో సౌదీ రాజు కొడుకు మహమ్మద్ బిన్ సల్మాన్ 'విజన్ 2030' అని మొదలుపెట్టిన దాని వెనక ఉన్న అసలు ఒత్తిడి ఇది. చమురు మీద ఆధారపడటం తగ్గాలి, ప్రైవేటు రంగం పెరగాలి, అందులో సౌదీలకు పని దొరకాలి.

దాని దెబ్బ మనకు రెండు రకాలుగా తగులుతుంది. ఒకటి నితాఖత్. ఏ కంపెనీలో ఎంతమంది సౌదీలున్నారో చూసి రంగు ఇస్తారు. 2011 నుంచి ఉన్న పద్ధతే. ఎరుపులో పడ్డ కంపెనీకి కొత్త వీసాలు రావు, ఉన్నవాళ్ల అకామా (అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు) రెన్యువల్ కూడా చిక్కులో పడుతుంది. రెండోది ఫీజు. 2020 నుంచి ఒక్కో విదేశీ కార్మికుడి మీద కంపెనీ నెలకు 700 రియాళ్లు కట్టాలి. సౌదీల కంటే విదేశీయులు ఎక్కువుంటే 800. మీకు 1,200 రియాళ్లు జీతమిచ్చే యజమానికి మీరు పడే ఖర్చు 2,000 అన్నమాట. ఈ ఫీజు, అకామా రెన్యువల్ ఖర్చు అక్కడి చట్టం ప్రకారం యజమానే భరించాలి. అయినా జీతంలోంచి కోసేవాళ్లున్నారు. 'ఆజాద్ వీసా' (ఒకరి పేరు మీద వీసా తీసుకుని బయట ఎక్కడైనా పని వెతుక్కునేది) మీద పోయినవాళ్లయితే కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, అన్నీ సొంతంగా కట్టుకోవాల్సి వస్తుంది. నా దుకాణానికి వచ్చేవాళ్లకు ఆజాద్ వీసా మీద నేను చెప్పేది ఒక్కటే: వద్దు. రాసిన కంపెనీ ఒకటి, పని చేసేది ఇంకోచోట అయితే, పట్టుబడిన రోజు మీరు చట్టం ముందు తప్పు చేసినవాళ్లు. మీరు పారిపోయారని కఫీల్ 'హురూబ్' కేసు పెడితే జీతం అడిగే దారి కూడా మూసుకుపోతుంది.

లైసెన్సున్న ఫ్యాక్టరీలకు ఈ నెలసరి ఫీజును 2019 నుంచి సౌదీ ప్రభుత్వమే భరించింది, పరిశ్రమలు పెరగాలని. కాబట్టి ఒకే జీతానికి ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ, ఒక ఫ్యాక్టరీ రెండూ పిలిస్తే నేనైతే ఫ్యాక్టరీ వైపు చూస్తాను. యజమానికి మనం తక్కువ బరువైతే మనల్ని ఉంచుకునే అవకాశం ఎక్కువ.

ఏ పని నిలుస్తుంది, ఏది పోతుంది అన్నది కూడా దీన్నుంచే తెలుసుకోవచ్చు. ఏసీ గదిలో కూర్చుని, మాటతో నడిచే పని ముందు పోతుంది. రిసెప్షన్, సేల్స్, క్యాషియర్, ఆఫీస్ క్లర్క్ అలాంటివి. సౌదీలో మొబైల్ షాపులను 2016లోనే పూర్తిగా పౌరులకే అని తేల్చేశారు. సేల్స్, రిపేరు రెండూ. యూఏఈలో 50 మందికి పైగా ఉన్న ప్రైవేటు కంపెనీలు ఏటా 2 శాతం చొప్పున నైపుణ్యమున్న ఉద్యోగాల్లో ఎమిరాతీలను, అంటే అక్కడి పౌరులను, పెంచాలి. కాలిపోయే ఎండలో చేసేవి, చేతి పనితనం కావాల్సినవి ఇప్పట్లో పోవు: ఏసీ మెకానిక్, వెల్డర్, పైప్ ఫిట్టర్, క్రేన్ ఆపరేటర్, హెవీ డ్రైవర్. డిగ్రీ ఉంది కదా అని 'ఆఫీస్ అసిస్టెంట్' వీసాకు లక్షన్నర పోసే పిల్లల కంటే, ఐటీఐలో ఏసీ మెకానిక్ చేసినవాడు భద్రంగా ఉంటాడని నేనంటే డిగ్రీ పిల్లలకు కోపం వస్తుంది.

ఒక సంగతి మరిచిపోవద్దు. చాలా చేతి పనులకు సౌదీ ఇప్పుడు వీసాకు ముందే ఇక్కడ స్కిల్ టెస్ట్ పెడుతోంది. ప్లంబర్ వీసా తీసుకుని అక్కడికి పోయి నేర్చుకుందాం అంటే కుదరదు.

పెద్ద ప్రాజెక్టుల పేర్లు విని మురిసిపోవద్దు

ఏజెంట్ నోట ఈ మధ్య ఎప్పుడూ 'నియోమ్' మాటే. 2017లో 50,000 కోట్ల డాలర్లతో సౌదీలో కడతామని ప్రకటించిన నగరం అది. అందులో 'ది లైన్' 170 కిలోమీటర్ల పొడవుండాలి. 2024 నుంచి తొలి దశను బాగా కుదించుకుంటున్నారని వార్తలొస్తున్నాయి. మరోవైపు రియాద్‌లో 2030 ఎక్స్‌పో, 2034లో సౌదీలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఉన్నాయి. వాటికి తేదీ ఖరారైంది, ప్రపంచం ముందు పరువు కూడా ఉంది. కాబట్టి పని ఏ ప్రాజెక్టుదో ఏజెంటును సూటిగా అడగండి. ఆ ప్రాజెక్టు పేరుతో గత ఆరు నెలల వార్తలు వెతకండి. 'వాయిదా', 'సమీక్ష' అన్న మాటలు కనబడితే తొందరపడకండి.

ఖతర్ చూడండి. 2022 వరల్డ్ కప్ కోసం స్టేడియాలు, మెట్రో, రోడ్లు కట్టినన్నాళ్లు తాపీ, సెంట్రింగ్ పనికి కొదవ లేదు. కప్ అయిపోగానే ఆ పని పడిపోయింది. మెట్రో మాత్రం నడుస్తూనే ఉంది, దాన్ని నడిపేవాళ్లు, బాగుచేసేవాళ్లు కావాల్సిందే. ఇప్పుడక్కడ డబ్బు గ్యాస్ వైపు తిరిగింది. ఏడాదికి 7.7 కోట్ల టన్నుల ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) సామర్థ్యాన్ని 2030 నాటికి 14.2 కోట్లకు తీసుకుపోతామని 2024లో ప్రకటించారు. మన పెట్రోనెట్ కంపెనీ కూడా 2028 నుంచి 20 ఏళ్లపాటు ఏడాదికి 75 లక్షల టన్నులు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఇలాంటిచోట ఇన్సులేషన్, స్కాఫోల్డింగ్, వెల్డింగ్ తెలిసినవాడికి గిరాకీ. ఒకే మాటలో చెప్పాలంటే కట్టే పనికి ముగింపు ఉంటుంది, నడిపే పనికి ఉండదు. ఆఫర్ లెటర్‌లో 'ఆపరేషన్ అండ్ మెయింటెనెన్స్' అని కనబడితే ఆ కాగితాన్ని ఇంకోసారి చదవండి.

గల్ఫ్ కాని అరబ్ దేశాల పిలుపు వస్తే

ఈజిప్టు, జోర్డాన్, ట్యునీషియా, మొరాకోలకు గల్ఫ్ అంత చమురు సంపద లేదు. వాళ్ల పిల్లలే పని కోసం గల్ఫ్‌కు, యూరప్‌కు పోతారు. అక్కడినుంచి మామూలు కూలి పనికి ఆఫర్ వచ్చిందంటే నాకు అనుమానమే. జోర్డాన్ గార్మెంట్ ఫ్యాక్టరీలు మాత్రం వేరు. అమెరికాకు సుంకం లేకుండా బట్టలు పంపే వీలుండటంతో అవి పెరిగాయి. కుట్టు మెషీన్ల మీద ఎక్కువగా దక్షిణాసియా వాళ్లే, మరీ ముఖ్యంగా బంగ్లాదేశ్ వాళ్లు. సిరిసిల్లలో కుట్టుపని తెలిసినవాళ్లకు అలాంటి పిలుపులు రావచ్చు. అలాంటప్పుడు చూడాల్సింది చమురు ధర కాదు, అమెరికా సుంకం. 2025లో ట్రంప్ ప్రభుత్వం జోర్డాన్ మీదా కొత్త సుంకాలు వేసింది.

ఇరాక్, లిబియా, యెమెన్ అయితే నేను కాగితం కూడా చదవను. 2014లో ఇరాక్‌లోని మోసుల్‌లో ఐసిస్ ఉగ్రవాదులు ఎత్తుకుపోయి చంపిన 39 మంది భారతీయులూ కూలి కోసం పోయినవాళ్లే.

ఒక ఆఫర్ లెటర్ విప్పి చూద్దాం

మా వాడకట్టు పిల్లవాడొకడు షార్జా నుంచి వచ్చిన లెటర్ తెచ్చాడు. ఏసీ టెక్నీషియన్. "1,500 దిర్హాములు అన్నా" అన్నాడు. అవును, మొత్తం 1,500. కాని వరుస చదివితే బేసిక్ 700, ఫుడ్ 300, 'ఇతర అలవెన్స్' 500. అతను చివరి అంకె ఒక్కటే చూశాడు. ఎక్కడైనా ముందు చూడాల్సింది బేసిక్.

యూఏఈలో ఓవర్‌టైమ్, చివర్లో వచ్చే గ్రాట్యుటీ రెండూ బేసిక్ మీదే లెక్క. బేసిక్ 700 అయితే గంటకు 2.92 దిర్హాములు, ఓవర్‌టైమ్‌కు 25 శాతం కలిపితే 3.65. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 52 గంటలు చేస్తే 190. అదే 1,500లో బేసిక్ 1,200 ఉంటే ఓవర్‌టైమ్ గంటకు 6.25, నెలకు 325. రెండేళ్లకు తేడా 3,240 దిర్హాములు. గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్. రెండేళ్లకు 700 మీద 980, 1,200 మీద 1,680. అంటే ఇంకో 700 తేడా. అన్నీ కలిపితే 3,940. డాలర్ 90 రూపాయలనుకుంటే మన లెక్కలో 96 వేల పైచిలుకు. అదే పని, అవే గంటలు. ఆ పిల్లవాడు ఏజెంటుకు ఫోన్ చేసి బేసిక్ పెంచమని అడిగాడు. 1,000 చేసి కొత్త లెటర్ పంపారు. అడిగితే ఇస్తారని అతను అనుకోలేదు, నిజానికి నేనూ అంతగా అనుకోలేదు.

ఇక ఇక్కడి ఖర్చు. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీతో 35,400. మన దిక్కు అడిగేది లక్ష నుంచి మొదలు. లక్షన్నర తెచ్చారనుకుందాం, వందకు రెండు రూపాయల మిత్తి. నెలకు 3,000 మిత్తికే పోతుంది. సౌదీలో 1,200 రియాళ్ల జీతంలో 400 ఖర్చులకు పోతే 800 మిగులుతుంది. రియాల్ 24 రూపాయల చొప్పున 19,200. ఆ మొత్తం అప్పుకే కట్టినా తీరేసరికి తొమ్మిదో నెల. రెండేళ్ల కాంట్రాక్టులో మీ ఇంటికి మిగిలేది పదిహేను నెలల పైసలు. దాన్ని 24తో భాగించి, ఇక్కడ అదే పనికి వచ్చే కూలి పక్కన పెట్టి చూడండి. ఆ లెక్క వేశాకే వీసా సంగతి.

ఏజెంట్ నిజమైనవాడా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్స్ నంబర్ కొడితే తెలుస్తుంది. బోర్డు మీద నంబర్ ఉండటం చాలదు, నంబరూ పేరూ కలవాలి, గడువు ఉండాలి. సబ్ ఏజెంట్లకు లైసెన్స్ ఉండదు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరమైనది) కిందికి వస్తుంది. వాళ్లు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాన్ని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపుతానంటే, అక్కడికి పోయాక మీ పేరు ఏ రికార్డులోనూ ఉండదు. పైసలు బ్యాంకు ద్వారానే కట్టండి, రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే బేరం అక్కడితో ఆపండి.

పంపే పైసలు

సౌదీ రియాల్ 1986 నుంచి డాలర్‌కు 3.75 దగ్గరే కట్టేసి ఉంది. దిర్హాము 3.6725. కాబట్టి రియాల్ పెరిగింది అని మనమనుకునేది నిజానికి రూపాయి తగ్గడమే. డాలర్ రేటు చూసి 3.75తో భాగిస్తే అసలు రేటు తెలుస్తుంది. ఎక్స్‌ఛేంజ్ వాళ్లు ఇచ్చేది దానికంటే ఎంత తక్కువో అదే వాళ్ల లాభం, పైన ఫీజు వేరు. అప్పున్నవాళ్లు రేటు పెరుగుతుందని జీతం దాచి కూర్చోవద్దు. ఇంటి దగ్గర మిత్తి ఆగదు.

పోకుండా కూడా

ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల చుట్టూ పసుపు పండుతుంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. భారత్, యూఏఈ వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. గల్ఫ్ దేశాల్లో వ్యవసాయం తక్కువ, నీళ్లు ఇంకా తక్కువ, తినే సరుకు బయటినుంచే రావాలి. దుబాయ్ జెబెల్ అలీ పోర్టుకు దిగిన సరుకు మిగతా అరబ్ దేశాలకు, ఆఫ్రికాకు మళ్లీ ఎగుమతవుతుంది. చేయాలనుకునేవాళ్లు మొదట విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) దగ్గర ఐఈసీ (ఎగుమతి, దిగుమతి) కోడ్, తర్వాత స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. పసుపు హెచ్‌ఎస్ కోడ్ (సుంకం లెక్కకు సరుకుకు ఇచ్చే నంబర్) 0910 30 కొట్టి సుంకం ఎంతో సరిచూసుకోవాలి. సుంకం రాయితీ కావాలంటే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు మన దేశానిదేనన్న పత్రం) పెట్టాలి. అన్నిటికంటే ముందు ల్యాబ్‌లో కర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) శాతం, పురుగుమందుల అవశేషాలు పరీక్ష చేయించండి. రిపోర్టు లేకుండా అక్కడి కొనుగోలుదారు మాట్లాడడు. ఒక్క రైతుతో అయ్యేది కాదు, ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం) ఉంటే నడుస్తుంది. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కిరాణా గోదాముల్లో పనిచేసి వచ్చినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. ఏ సరుకు ఏ ప్యాకింగ్‌లో పోతుందో వాళ్లకు తెలుసు. వాళ్లను ఎఫ్‌పీఓల్లోకి పిలిచినవాళ్లు నాకు కనబడలేదు.

బయలుదేరే ముందు ఇంట్లో పెట్టాల్సినవి

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, ఏజెంట్ రసీదు, ఇన్సూరెన్స్ కాగితం: ఐదింటి జిరాక్స్ ఇంట్లో ఉంచండి, ఎక్కడున్నాయో ఇంటావిడకు చూపించండి. అక్కడ అకామా చేతికొచ్చిన రోజే ఫొటో తీసి పంపండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. గుండెపోటుతో పోతే ఆ పది లక్షలు రావు, గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికల్లో అవే చాలా ఉంటాయి. తెలంగాణ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన 5 లక్షల సాయానికి కుటుంబం దరఖాస్తు చేసుకోవాలి. పైన చెప్పిన కాగితాలు అప్పుడూ అడుగుతారు. జీతం రెండు నెలలు ఆగితే మూడో నెల దాకా చూడకుండా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అది ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు కూడా పెట్టవచ్చు, ఆ జిరాక్స్‌లు చేతిలో ఉంటే.